చుట్టం తెచ్చిన చుట్టాలు!

ఫోన్ కొత్తదే. సిగ్నల్ నిండుగా ఉంది. అయినా వెబ్‌సైట్ తెరుచుకోదు. తప్పు చాలాసార్లు ఫోన్‌దీ కాదు, నెట్‌దీ కాదు. ఆ సైటు తన ఇంట్లో దించుకున్న పరాయి కోడ్‌ది. దాన్ని అదుపులో పెడితే ఎంత తేడా వస్తుందో, వదిలేస్తే ఏం జరుగుతుందో... చూద్దాం రండి.

గుత్తివంకాయ కూర ఎలా చేయాలో చూద్దామని ఫోన్‌లో వెతుకుతాం. పేజీ తెరుచుకుంటుంది... తెల్లగా! కాసేపటికి పేరు కనిపిస్తుంది. ఆ తర్వాత కూర ఫొటో వస్తుంది. 'కావలసినవి' చదవబోయేసరికి అక్షరాలన్నీ కిందికి జారిపోయి, ఆ చోట ఓ ప్రకటన వచ్చి కూర్చుంటుంది. 'నోటిఫికేషన్లు పంపమంటారా?' అని ఒకటి అడుగుతుంది. 'మీకేం సాయం కావాలి?' అంటూ మూలనుంచి ఇంకోటి పలకరిస్తుంది. వాటన్నిటినీ మూసుకుంటూ వంకాయల దాకా వెళ్లేసరికి పొయ్యిమీద నూనె కాగిపోతుంది.

నిజానికి ఆ వంటకం వివరాలు ఎంతని? మహా అయితే ఒక పేజీ. కంప్యూటర్ లెక్కలో పది కిలోబైట్లు కూడా ఉండవు. మరి అంతసేపు ఫోన్ ఏం మోసుకొచ్చినట్టు? వంటకం రాసినవాళ్లకూ చదివేవాళ్లకూ సంబంధంలేని మూడోవాళ్ల సరుకుని. ప్రకటనల కంపెనీ కోడ్, ఎంతమంది వచ్చారో లెక్కపెట్టే కోడ్, లైక్ బటన్ కోడ్, చాటింగ్ పెట్టె కోడ్... వీటినే థర్డ్ పార్టీ స్క్రిప్టులు అంటారు. సైటు సొంతదారు రాసినవి కావు. ఆయన సర్వర్లోనూ ఉండవు. 'ఫలానాచోట ఉంది, తెచ్చుకో' అని పేజీలో ఒక్క లైను రాసి ఉంటుంది. అంతే, బ్రౌజర్ వెళ్లి తెచ్చుకుంటుంది. వెబ్ పోకడలను ఏటా లెక్కగట్టే 'వెబ్ ఆల్మనాక్' ప్రకారం పదింట తొమ్మిదికి పైగా సైట్లలో కనీసం ఒక్కటైనా ఇలాంటి పరాయి సరుకు ఉంటోంది.

45 సెకన్లు... 3 సెకన్లు!

ఈ పరాయి సరుకు బరువెంతో ప్రపంచానికి ఓసారి అనుకోకుండా తెలిసొచ్చింది. 2018 మే 25న యూరప్‌లో వ్యక్తిగత సమాచార రక్షణ చట్టం 'జీడీపీఆర్' అమల్లోకి వచ్చింది. పాఠకుడి అనుమతి లేకుండా అతని వివరాలు సేకరిస్తే భారీ జరిమానా తప్పదన్నారు. అమెరికా పత్రిక 'యూఎస్ఏ టుడే' ఎందుకొచ్చిన గొడవ అనుకుందేమో, యూరప్ పాఠకుల కోసం అలాంటి స్క్రిప్టులన్నీ తీసేసి ఓ ప్రత్యేక సైటు పెట్టింది. ఓ వెబ్ నిపుణుడు రెండింటినీ పక్కపక్కన పెట్టి కొలిచి ట్విటర్‌లో పెట్టాడు. మామూలు పేజీ 5.2 మెగాబైట్లు, యూరప్ పేజీ 500 కిలోబైట్లు. అది తెరుచుకోవడానికి 45 సెకన్లు, ఇది 3 సెకన్లు. అందులో జావాస్క్రిప్ట్ ఫైళ్లు 124, ఇందులో ఒక్కటీ లేదు. ఒక పేజీ కోసం అక్కడ బ్రౌజర్ 500 సార్లకు పైగా సర్వర్ల తలుపు తడితే, ఇక్కడ 34 సార్లతో సరిపెట్టుకుంది.

వార్తలు అవే. ఫొటోలూ దాదాపు అవే. తేడా అంతా చుట్టాలదే!

అంతకు మూడేళ్ల ముందే, 2015లో 'న్యూయార్క్ టైమ్స్' 50 వార్తా సైట్లను ఫోన్‌లో తెరిచి చూసింది. పాఠకుడి డేటాలో సగానికిపైగా ప్రకటనలకూ, ప్రకటనలను ఆపే యాప్‌లు అడ్డుకునే ఇతర సరుకుకే పోతోందని తేల్చింది. అంటే పాఠకుడు డబ్బు పెట్టి కొనుక్కున్న డేటాలో సగం, అతను అడగనిదానికే ఖర్చన్నమాట.

ఒక్క లైనే కదా...

ఇంతమంది చుట్టాలు ఒక్కరోజులో దిగరు. చీరాలలోనో పోచంపల్లిలోనో చేనేత చీరలమ్మే దుకాణం ఒకటుందనుకుందాం. సైటు పెట్టారు. మొదట్లో రెప్పపాటులో తెరుచుకునేది. రోజుకి ఎంతమంది వస్తున్నారో తెలిస్తే బాగుణ్ణనిపించింది. ఒక్క లైను చేర్చారు. గూగుల్ 2005లోనే ఆ లెక్కను ఉచితంగా చెప్పడం మొదలుపెట్టింది కదా! 2010లో ఫేస్‌బుక్ తన లైక్ బటన్‌ని ఏ సైటులోనైనా పెట్టుకోవచ్చంది. ఇంకో లైను. చీర కట్టుకుని చూపించే వీడియో... మరో లైను. కొనేవాళ్లు ఏదైనా అడగడానికి చాట్ పెట్టె, దసరాకి డిస్కౌంట్ చక్రం, ఎవరి వేలు తెరమీద ఎక్కడ ఆగుతోందో చూసే కోడ్... ప్రతిదానికీ 'ఒక్క లైనే కదా' అనే సమాధానం.

దసరా వెళ్లిపోతుంది. డిస్కౌంట్ చక్రం తెరమీద నుంచి పోతుంది. దాని కోడ్ మాత్రం ఉండిపోతుంది. చేర్చమన్న ఉద్యోగి వేరే కంపెనీకి వెళ్లిపోతాడు. కొత్తగా వచ్చినవాళ్లు 'తీసేస్తే ఏమవుతుందో' అని ముట్టుకోరు. చేర్చేవాళ్లు పదిమంది, తీసేవాళ్లు ఒక్కరూ లేరు. అసలు సమస్య ఇదే.

2012 అక్టోబరులో గూగుల్ 'ట్యాగ్ మేనేజర్' తెచ్చింది. ప్రోగ్రామర్‌ని అడక్కుండానే మార్కెటింగ్ వాళ్లు నేరుగా స్క్రిప్టులు చేర్చుకునే సదుపాయమది. పని సులువైంది. అయితే ఇంటి తాళంచెవి నలుగురి చేతుల్లోకీ వెళ్లింది. పైగా వచ్చిన చుట్టం ఒంటరిగా రావడం లేదు. ఒక ప్రకటన స్క్రిప్టు తనతో ఇంకో మూణ్ణాలుగింటిని పిలుస్తుంది. అవి మరికొన్నిటిని పిలుస్తాయి. చివరికి ఇంట్లో ఎవరున్నారో యజమానికే తెలియదు.

ఒకే వంటవాడు... వంద ఆర్డర్లు

ఇంత కోడ్ వస్తే ఫోన్‌కి వచ్చిన కష్టమేంటి?

బ్రౌజర్ పేజీని పైనుంచి కిందికి చదువుకుంటూ వస్తుంది. మధ్యలో స్క్రిప్టు తగిలితే, ప్రత్యేకంగా చెప్పకపోతే, అక్కడే ఆగిపోతుంది. దాన్ని తెచ్చుకుని, నడిపించాకే కింది లైనుకి వెళుతుంది. ఆ స్క్రిప్టు ఉన్న సర్వర్ నిద్రపోతుంటే పేజీ కూడా తెల్లమొహం వేసుకుని నిలబడుతుంది. తన తప్పు లేకపోయినా సరే!

తెచ్చుకోవడం కూడా అంత తేలిక కాదు. కొత్త సర్వర్ అనగానే ముందు దాని చిరునామా కనుక్కోవాలి. తర్వాత పలకరించి కనెక్షన్ కలుపుకోవాలి. ఆపైన రహస్య సంభాషణకు తాళాలు మార్చుకోవాలి. హైదరాబాద్ నుంచి అమెరికా పశ్చిమ తీరానికి సంకేతం వెళ్లి రావడానికే సుమారు పావు సెకను పడుతుంది. అలాంటి రాకపోకలు మూణ్ణాలుగు అయ్యాకగానీ అసలు సరుకు బయలుదేరదు. 4జీ పోయి 5జీ వచ్చినా ఈ దూరం తగ్గదు. దారి వెడల్పయితే ఎక్కువ బళ్లు పడతాయిగానీ ఊరు దగ్గరకు రాదుగా!

సరుకు వచ్చాక మరో తంటా. 200 కిలోబైట్ల ఫొటో, 200 కిలోబైట్ల స్క్రిప్టు డేటా లెక్కలో ఒకటే. ఫోన్‌కి మాత్రం ఒకటి కాదు. ఫొటో అయితే విప్పి తెరమీద పరిచేస్తే పనైపోతుంది. స్క్రిప్టుని చదవాలి, అర్థం చేసుకోవాలి, అది చెప్పిన పనులన్నీ చేయాలి. ఒకటి వడ్డించిన విస్తరి, రెండోది వంటల పుస్తకం! పైగా పేజీకి సంబంధించిన ముఖ్యమైన పనులన్నీ చేసేది ఒకే వంటవాడు. సాంకేతిక భాషలో 'మెయిన్ థ్రెడ్' అంటారు. అక్షరాలు పరిచేదీ అతనే, వేలు నొక్కితే పలికేదీ అతనే, ప్రకటనల లెక్కలు చేసేదీ అతనే. అతను ఏదైనా ఒక పనిమీద 50 మిల్లీసెకన్లకు మించి ఉంటే అది 'సుదీర్ఘ పని' కింద లెక్క. ఆ సమయంలో మనం బటన్ నొక్కితే చలనం ఉండదు. పడలేదనుకుని మళ్లీ నొక్కుతాం. ఖరీదైన ఫోన్‌లో ఈ ఇబ్బంది అంతగా తెలియదు. సైటు తయారుచేసేవాళ్ల చేతిలో ఉండేవి ఎక్కువగా అవే. చవక ఫోన్ ఉన్నవాళ్లకే అసలు కష్టం తెలుస్తుంది.

ఈ నెమ్మదితనానికి ధర ఉంది. మూడు సెకన్లలో తెరుచుకోకపోతే 53 శాతం సందర్భాల్లో ఫోన్ వాడేవాళ్లు వెళ్లిపోతున్నారని 2016లో గూగుల్ చెప్పింది. ఒక్కో సెకను ఆలస్యానికి అదనంగా 10 శాతం మంది పాఠకులను పోగొట్టుకుంటున్నామని బీబీసీ గుర్తించింది. కొనడానికి వచ్చినవాళ్లను లెక్కపెట్టడం కోసం పెట్టిన కోడే వాళ్లను గుమ్మంలోంచి పంపించేస్తోందన్నమాట!

తెలుగు సైట్లకు మరో చిక్కు

తెలుగులో సైటు నడిపేవాళ్లకు ఇంకో చుట్టం ఉంది... ఫాంట్. ఇంగ్లిషుకి పెద్దక్షరాలూ చిన్నక్షరాలూ కలిపి 52 గీస్తే చాలావరకు సరిపోతుంది. మనకో? అచ్చులు, హల్లులు, గుణింతాలు, ఒత్తులు... వందలకొద్దీ రూపాలు గీయాలి. అందుకే తెలుగు ఫాంట్ ఫైలు సహజంగానే బరువు. దాన్ని బయటి సర్వర్ నుంచి రప్పించుకునే సైట్లు చాలా ఉన్నాయి. ఆ ఫైలు వచ్చేదాకా చాలా బ్రౌజర్లు అక్షరాలను మూడు సెకన్ల వరకూ చూపించకుండా దాచేస్తాయి. అక్షరాలు ఫోన్‌లోకి వచ్చేసి ఉంటాయి, కంటికి మాత్రం కనిపించవు!

దీనికి విరుగుడు సులువే. ముందు ఫోన్‌లో ఉన్న తెలుగు ఫాంట్‌తో చూపించి, అసలు ఫాంట్ వచ్చాక మార్చుకోమని ఒక్క ముక్క రాస్తే చాలు. ఫాంట్ ఫైలుని సొంత సర్వర్లోనే పెట్టుకుంటే ఇంకా మంచిది. 'అందరూ ఆ బయటి సర్వర్ నుంచే వాడుకుంటారు కాబట్టి ఫైలు ఇప్పటికే ఫోన్‌లో ఉంటుంది' అనేవారు ఒకప్పుడు. ఇప్పుడా మాట చెల్లదు. భద్రత కోసం ఒక సైటులో దాచుకున్నదాన్ని ఇంకో సైటు వాడుకోకుండా 2020లో క్రోమ్ బ్రౌజర్ గోడ కట్టేసింది. సఫారీ అయితే ఆ పని అంతకు చాలా ఏళ్ల ముందే చేసింది.

చుట్టం ముసుగులో దొంగ

ఆలస్యం ఒక్కటే అయితే సర్దుకుపోవచ్చు. కానీ పరాయి స్క్రిప్టు పేజీలోకి వచ్చిందంటే దానికి ఇంటివాళ్లతో సమానమైన హక్కులు వచ్చేస్తాయి. పేజీలో మనం ఏం టైపు చేస్తున్నా చూడగలదు.

2018 ఫిబ్రవరి 11న ఇంగ్లండు, అమెరికాలతో సహా చాలాచోట్ల నాలుగు వేలకుపైగా సైట్లు ఒక్కసారిగా జనం కంప్యూటర్లతో దొంగతనంగా క్రిప్టో కరెన్సీ తవ్వించడం మొదలుపెట్టాయి. ఆరా తీస్తే అవన్నీ 'బ్రౌజ్ అలౌడ్' అనే స్క్రిప్టు వాడుతున్నాయని తేలింది. చూపు లేనివాళ్లకూ చదవడం కష్టమైనవాళ్లకూ పేజీని చదివి వినిపించే మంచి సేవ అది. దుండగులు ఆ ఒక్క ఫైలులో తమ కోడ్ కలిపారు, అన్ని సైట్లూ పడిపోయాయి. బాధితుల్లో బ్రిటన్ ప్రజల సమాచార భద్రతను కాపాడే 'సమాచార కమిషనర్' కార్యాలయం సైటు కూడా ఉంది!

అదే ఏడాది టికెట్లమ్మే 'టికెట్‌మాస్టర్' సంస్థకు ఇంకా పెద్ద దెబ్బ తగిలింది. డబ్బు కట్టే పేజీలో మరో కంపెనీ చాట్‌బాట్‌ని పెట్టుకుంది. హ్యాకర్లు ఆ చాట్‌బాట్ కోడ్‌ని మార్చి కార్డుల వివరాలు లాగేశారు. యూరప్‌లో 94 లక్షలమంది వివరాలు ప్రమాదంలో పడ్డాయి. 2020 నవంబరులో సమాచార కమిషనర్ ఆ సంస్థకు 12.5 లక్షల పౌండ్ల జరిమానా వేశారు. 'కోడ్ మాది కాదు' అంటే కుదరలేదు. ఇంట్లోకి రానిచ్చింది మీరే కదా అన్నారు.

చుట్టం మంచివాడే అయినా ఇల్లు చేతులు మారొచ్చు. పాత బ్రౌజర్లకు కొత్త విద్యలు నేర్పే 'పాలీఫిల్' అనే ఉచిత సేవ ఉండేది. 2024 ఫిబ్రవరిలో దాని చిరునామాను ఓ చైనా కంపెనీ కొనేసింది. ఆ సేవను మొదట తయారుచేసిన ఆండ్రూ బెట్స్ వెంటనే దాన్ని తీసేయండని అందరికీ చెప్పాడు. విన్నవాళ్లు తక్కువ. జూన్‌కల్లా ఫోన్‌లో ఆ సైట్లు తెరిచినవాళ్లలో కొందరు బెట్టింగు సైట్లలో తేలారు. దాన్ని వాడుతున్న సైట్లు లక్షకుపైనే. చిత్రమేంటంటే, బ్రౌజర్లు ముదిరిపోయి ఆ సేవ అవసరమే చాలావరకు తీరిపోయింది. అయినా ఎవరూ తీయలేదు... డిస్కౌంట్ చక్రం కథే ఇక్కడా!

అన్నీ తీసేయాలా?

అక్కర్లేదు. తీసేయలేరు కూడా. డబ్బు కట్టించుకునే గేట్‌వే కావాలి. ప్రకటన లేకపోతే ఉచితంగా చదివే వార్తలకు డబ్బెక్కడిది? కాబట్టి పని... చుట్టాలను తరిమేయడం కాదు, ఇల్లు సర్దుకోవడం. వెబ్ వేగంమీద పనిచేసే నిపుణులు చెప్పే పద్ధతులు ఇవి.

మొదటిది లెక్క. ఏ బ్రౌజర్‌లోనైనా 'డెవలపర్ టూల్స్' తెరిస్తే పేజీ ఎక్కడెక్కణ్నుంచి ఏం తెచ్చుకుంటోందో వరసగా కనిపిస్తుంది. 'వెబ్‌పేజ్‌టెస్ట్' లాంటి సాధనాలతో అయితే ఒక్కో స్క్రిప్టునీ ఆపేసి, పేజీ ఎంత వేగంగా తెరుచుకుంటుందో పోల్చి చూసుకోవచ్చు. ఒకవేళ ఆ సర్వర్ కుప్పకూలితే మన పేజీ గతేంటన్నదీ ముందే పరీక్షించుకోవచ్చు. ఈ పరీక్ష ఎంత అవసరమో 2020లో తెలిసింది. యాప్‌లలో ఉండే ఫేస్‌బుక్ కోడ్ ముక్క మే నెలలో ఓసారి, జులైలో ఇంకోసారి మొరాయించేసరికి స్పాటిఫై, పింటరెస్ట్ లాంటి పేరున్న యాప్‌లే ఐఫోన్లలో తెరవగానే మూతపడ్డాయి.

రెండోది పూచీ. ప్రతి స్క్రిప్టుకీ ఓ బాధ్యుడు ఉండాలి. ఎవరు అడిగారు, ఎందుకు, ఎప్పటివరకు... ఈ మూడింటికీ జవాబు లేనిది బయటికి వెళ్లిపోవాలి.

మూడోది వేళ. అందరికీ ఒకేసారి వడ్డించక్కర్లేదు. 'ఎసింక్', 'డిఫర్' అనే చిన్న మాటలు చేరిస్తే, స్క్రిప్టు వచ్చేదాకా బ్రౌజర్ ఆగదు. తన పని తాను చేసుకుంటూ పోతుంది. అలాగైతే ప్రకటనల ఆదాయం పోదా అన్న భయం సహజం. బ్రిటన్ పత్రిక 'ద టెలిగ్రాఫ్' అనుభవం వేరేగా ఉంది. స్క్రిప్టులన్నిటినీ వెనక్కి జరిపాక వాళ్ల మొదటి ప్రకటన సగటున నాలుగు సెకన్లు ముందే కనిపించింది! తోపులాట తగ్గితే అందరికీ మేలే మరి.

నాలుగోది బొమ్మతో సరిపెట్టడం. యూట్యూబ్ వీడియోని పేజీలో పెడితే, ఎవరూ చూడకపోయినా వందల కిలోబైట్ల కోడ్ దిగుతుంది. దాని బదులు వీడియో ఫొటో ఒకటి పెట్టి, వేలు నొక్కినప్పుడే అసలుది రప్పిస్తే సరి. చాట్ పెట్టె, మ్యాపు... వీటికీ ఇదే కిటుకు.

అయిదోది కాపలా. బయటి ఫైలుకి ముందే ఓ ముద్ర లెక్కగట్టి పేజీలో రాసుకోవచ్చు. ఆ ఫైలులో ఒక్క అక్షరం మారినా బ్రౌజర్ దాన్ని నడపదు. ఎవరెవర్ని లోపలికి రానివ్వాలో జాబితా కూడా ఇవ్వొచ్చు. తరచూ మారే స్క్రిప్టులకు ముద్ర పద్ధతి పనికిరాదు. అలాంటివి డబ్బు కట్టే పేజీలో లేకుండా చూసుకోవడమే మేలు. కార్డు చెల్లింపుల భద్రతా ప్రమాణాలు కూడా 2025 మార్చి 31 నుంచి చెల్లింపు పేజీలో ఉన్న ప్రతి స్క్రిప్టుకీ పట్టిక, కారణం, మార్పులపై నిఘా ఉండాలని తప్పనిసరి చేశాయి.

ఆరోది పరిమితి. ఇంటి బడ్జెట్ లాగే పేజీకీ ఓ బడ్జెట్. ముఖ్యమైన విషయం రెండున్నర సెకన్లలో కనిపించాలి, వేలు నొక్కితే 200 మిల్లీసెకన్లలో స్పందన రావాలి... గూగుల్ 'మంచి పేజీ'కి పెట్టిన హద్దులివి. కొత్త స్క్రిప్టు ఆ హద్దు దాటిస్తోందంటే పాతది ఒకటి తీశాకే దానికి చోటివ్వాలి.

మనమేం చేయొచ్చు?

చదివేవాళ్లకూ కొన్ని దారులున్నాయి. చాలా బ్రౌజర్లలో 'రీడర్' పద్ధతి ఉంటుంది. నొక్కితే హంగులన్నీ పోయి అక్షరాలూ బొమ్మలే మిగులుతాయి. వంటకాలకీ, పెద్ద వ్యాసాలకీ బాగా పనికొస్తుంది. బటన్ నొక్కితే పలకనప్పుడు, ముఖ్యంగా డబ్బు కట్టేచోట, వెంటవెంటనే నొక్కకుండా కాసేపు ఆగడం మంచిది.

ఇక దుకాణానికో, స్కూలుకో, ఆసుపత్రికో సైటు పెట్టుకున్నవాళ్లు దాన్ని తయారుచేసినవాళ్లను పిలిచి నాలుగు ప్రశ్నలు అడగొచ్చు. మన పేజీలో బయటివాళ్ల స్క్రిప్టులు ఎన్ని ఉన్నాయి? ఒక్కోటీ ఎవరి కోసం? చవక ఫోన్‌లో ఎప్పుడైనా తెరిచి చూశారా? వాటిలో ఒకటి రేపు ఆగిపోతే మన సైటు నడుస్తుందా? వీటికి జవాబు చెప్పడానికి కొత్త మిషన్లు కొనక్కర్లేదు, ఒక పూట కూర్చుంటే చాలు. సంక్రాంతికి ముందు అటక దులిపినట్టే! నిరుడు దాచినవాటిలో సగం, ఎందుకు దాచామో గుర్తుండదు. వాటిని తీసేశాక ఇల్లు ఎంత విశాలంగా ఉంటుందో దులిపినవాళ్లకే తెలుస్తుంది.